రాఘవయ్య గారి కారూ, ఆ ఏటి అంట్లూ

మొన్న మా వీధిలో పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకుని ఊరేగించడానికి బెజవాడ నుంచి పాతకాలపు కారొకటి తెప్పించారు. నల్లటి కారు, బానెట్టు నిండా బంతిపూల దండలు. నాకు చూపు ఆనడం తగ్గింది కనుక, అరుగు మీద కూర్చుని దాన్ని చూడడం కన్నా వినడమే ఎక్కువైంది. పెళ్ళికొడుకు ఎక్కాడు, తలుపు వేశారు, పడలేదు. ఇంకాస్త గట్టిగా వేశారు. రేకు రేకుకి కొట్టుకున్న చప్పుడు, ఆ వెంటనే లోపలి గొళ్ళెం పట్టు దొరక్క జారిపోయిన కీచు. ఆ కీచు వినగానే కర్ర పట్టుకుని లేచి వెళ్ళాను. కారు తెచ్చిన కుర్రాడు చెమటలు తుడుచుకుంటూ, హ్యాండిలు కొత్తదనీ, అచ్చం పాతదానిలాగే చేసి అమ్ముతారంటే ఆన్‌లైన్లో తెప్పించాననీ, ఫోటోలో బాగానే ఉంటుంది గాని బిగిస్తే ఒక్కటీ కుదిరి చావదనీ మొరపెట్టుకున్నాడు. అరవై ఏళ్ళ కిందటా కుదరలేదు నాయనా అన్నాను. వాడు నవ్వాడు. చివరికి తలుపుని తాడుతో కట్టి, తాడు కనబడకుండా మీద ఒక దండ కప్పారు. మేళం కదిలింది. నేను లోపలికి వచ్చి, భోజనానికి పిలిచినా వెళ్ళకుండా కూర్చున్నాను. రాఘవయ్య గారు గుర్తొస్తే నాకు అలాగే అవుతుంది.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. నూజివీడు దాటాక మైలవరం రోడ్డు పక్కన ఆయనకి మామిడితోట ఉండేది. కాయలూ అమ్మేవారు గాని, ఆయన పేరు కాయల వల్ల రాలేదు, అంటుమొక్కల వల్ల వచ్చింది. చిన్నరసం అంటు కావాలంటే రాఘవయ్య గారి తోటకి వెళ్ళమనేవారు. మామిడి అంటు కొనడం అంటే మాట కొనడమే. మొక్క చేతికొచ్చినప్పుడు అది ఏ రకమో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఐదారేళ్ళు పెంచి, కాపు కాశాక గాని తెలియదు. అప్పటికి అమ్మినవాడు ఎక్కడుంటాడో, కొన్నవాడు ఎక్కడుంటాడో. అందుకని మొక్కని చూసి ఎవరూ కొనరు, మనిషిని చూసి కొంటారు. ఆ మనిషి మెత్తని మనిషేమీ కాదు. ఆయన నోరు తెరిస్తే అవతలి గట్టు మీద మేసే గొడ్లు కూడా తలెత్తేవి. నన్ను తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితాలు చాలవు.

నేను ఆయన దగ్గర డ్రైవరుగా చేరింది యాభైల చివర్లో. అంతకు ముందు మామిడికాయల లారీ తోలేవాణ్ణి. జమీందారీ ఎస్టేట్లు పోయిన రోజుల్లో ఎవరో దొరల ఇంట్లోంచి ఆయన ఒక ఇంగ్లండు కారు కొన్నారు. యుద్ధానికి ముందరి బండి. ఆ మోడలు చేయడం కంపెనీవాళ్ళు ఎప్పుడో మానేశారు, పైగా విదేశీ సామాను రావడం కట్టడి అయిపోయింది. ఇక దొరికేదంతా డూప్లికేటే. ఎక్కడో ఏ సందులోనో పోతపోసి, పాత కంపెనీ డబ్బా లాంటి డబ్బాలోనే పెట్టి అమ్మేవారు. ఫ్యాను బెల్టు తెస్తే వదులు, రేడియేటరు గొట్టం తెస్తే ఇరుకు. తలుపు హ్యాండిలు తెస్తే దాని రంధ్రాలు ఒకచోట, తలుపు రంధ్రాలు ఒకచోట. ఆకురాయి పట్టుకుని అరగదీయడం, తోలుముక్కలు పెట్టి బిగించడం, చివరికి కొత్తదానికి తగ్గట్టు కారునే చెక్కడం నా పని. చెప్పు కరుస్తోందని కాలు కోసుకుంటున్నామురా అనేవారు ఆయన. ఎడమవైపు ముందు తలుపు ఏం చేసినా లోపలినుంచి తెరుచుకునేది కాదు. ఆయన దిగాలంటే ముందు నేను దిగి, అటు తిరిగి వెళ్ళి, బయటినుంచి తెరవాలి. చూసేవాళ్ళు ఇదేదో దొరతనం అనుకునేవారు.

కారు నడవని రోజులే ఎక్కువ. "కారు నడవకపోతే నువ్వు నడువు" అని నన్ను తోటలోకి తోలేవారు. అట్లా అంటు కట్టడం చూశాను. టెంక నుంచి మొలిచిన మొక్కని కుండీలో పెంచుతారు. వానలు మొదలయ్యాక మంచి రకం తల్లిచెట్టు చుట్టూ మంచె కట్టి, కుండీలని పైకెత్తి కొమ్మల పక్కన నిలబెడతారు. మొక్క కాండాన్నీ కొమ్మనీ ఒకే లావున చూసుకుని, రెండింటికీ బెరడు చెక్కి, చెక్కిన చోట్లు కలిపి అరటినారతో చుడతారు. రెండూ ఒకటయ్యాక కొమ్మని చెట్టునుంచి కోసి దించుతారు. ఆయన తోటలో దీనికొక కట్టడి ఉండేది. మంచి చిన్నరసం చెట్టు పక్కనే, దాని టెంకకే పుట్టిన చెట్టు ఇంకొకటి ఉంది. ఆయన తండ్రి మురిపెంగా పెంచుకున్నదట. ఆకు అదే, చిగురు రంగు అదే, కాయ మాత్రం పీచు, పులుపు. పెరిగి పెరిగి రెండింటి కొమ్మలూ ఒకదానిలో ఒకటి పెనవేసుకుపోయాయి. అందుకని ఏటా మంచె కట్టిన రోజు రాఘవయ్య గారు స్వయంగా ఎక్కి, ఒక్కో కొమ్మనీ మొదలుదాకా చేత్తో తడుముకుంటూ వెళ్ళి, మంచి చెట్టుదని తేలిన కొమ్మకి సున్నం బొట్టు పెట్టేవారు. బొట్టు లేని కొమ్మని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ రెండో చెట్టు కొట్టేయొచ్చు కదండీ అని ఒకసారి అడిగాను. మా నాన్న చెట్టురా అన్నారు. అంత నోరున్న మనిషి ఆ మాట మెల్లిగా అన్నారు.

ఒకసారి ఎవరో పెద్దమనిషి గుమాస్తాని పంపించాడు. బంగినపల్లి అంట్లు వెంటనే కావాలి, ఎన్నుంటే అన్నీ తీసుకుంటామన్నాడు. రాఘవయ్య గారి దగ్గర బంగినపల్లి అప్పటికి అయిపోయింది, కుండీల నిండా చిన్నరసాలున్నాయి. ఆ గుమాస్తాకి చిన్నరసమేదో బంగినపల్లేదో మొక్కలో తెలియదు, ఇచ్చినవి పట్టుకుపోయేవాడు. లేవు అన్నారు ఈయన. ఏవో ఒకటి ఇవ్వండీ, మా దొర చూడొచ్చాడా అన్నాడు అతను. లేవంటే లేవని, పోయి వచ్చే ఏడు రమ్మని ఒక్క అరుపు అరిచారు. అతను వెళ్ళాక నేను నవ్వితే నన్నూ అరిచారు.

ఆ ఏడు వేసవిలో కారు బ్రేకుల్లోపలి రబ్బరు వాషర్లు పోయాయి. బెజవాడలో ఒక షాపులో అడిగితే, అసలు కంపెనీవే, పాత సరుకు మిగిలిందండీ అని డబ్బా తీసి చూపించారు. డబ్బా చూస్తే నిజంగానే పాతదిలా ఉంది. బిగించుకున్నాం. కొన్నాళ్ళు బాగానే నడిచింది. వానలు మొదలై, అంట్లు కట్టే రోజులు దగ్గరపడ్డాక, ఏదో పని మీద బెజవాడ వెళ్ళి తిరిగి వస్తుంటే, గన్నవరం దాటాక కారు బరువెక్కినట్టయింది. బ్రేకు మీదనుంచి కాలు తీసేసినా బ్రేకు వదలడం లేదు. కాలిన కంపు. చక్రం ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. ఆ రబ్బరు బ్రేకు నూనె పీల్చి ఉబ్బిపోయి, లోపలే బిగుసుకుపోయింది. దారిలోనే విప్పి, ఎట్లాగో వదులు చేసి, కారుని ఎద్దుల చేత లాగించుకుంటూ తిరిగి బెజవాడ చేరాం.

షాపాయన మమ్మల్ని ఎప్పుడూ చూడనట్టే మాట్లాడాడు. అందరికీ ఇవే ఇస్తున్నామన్నాడు, మీ ఒక్కరికే ఎందుకు ఉబ్బాయన్నాడు. చివరికి, "బిగించుకున్నాక మాకు సంబంధం లేదండీ" అన్నాడు. రాఘవయ్య గారు షాపు కప్పు ఎగిరిపోయేలా అరుస్తారనుకున్నాను. అరవలేదు. ఉబ్బిన రబ్బరుముక్కని గల్లాపెట్టె మీద పెట్టి, "లేదని చెప్పవయ్యా. లేదంటే నా తిప్పలేవో నేను పడేవాణ్ణి. ఉందని చెప్పి లేనిది ఇచ్చావు" అన్నారు. అతను ఇంకో గిరాకీ వైపు తిరిగాడు. ఆయనకి మాత్రం పంతం పట్టుకుంది. అసలు సరుకు ఎక్కడో ఒకచోట ఉండకపోదని షాపు షాపూ తిరగడం మొదలుపెట్టారు. మీరు బస్సెక్కి వెళ్ళిపోండి, కారు నేను తెస్తానని బతిమాలాను. ఈ ఒక్కటీ చూద్దాం, ఇంకొక్కటీ చూద్దాం అంటూ రోజులు గడిపేశారు. అసలుది దొరకనే లేదు, చివరికి ఇంకో డూప్లికేటే బిగించుకుని బయల్దేరాం.

మేం తోటకి చేరేసరికి అంట్లు కట్టడం అయిపోయింది. మంచె కట్టి, కుండీలెక్కించి, ఆయన కోసం చూసి చూసి, ముసురు పట్టేసరికి పెద్దకూలీ తానే సున్నం బొట్లు పెట్టి కట్టించేశాడు. అతన్ని అనడానికేమీ లేదు. మొక్క ఆగదు, వాన ఆగదు. రాఘవయ్య గారు మంచె ఎక్కి చూశారు. నార చుట్టిన ప్రతి కొమ్మకీ బొట్టుంది. సరేననుకుని దిగారు.

మొక్కలు దిగాయి, వానల చివర్లో అమ్ముడుపోయాయి. మరుసటి వేసవి కోతల్లో ఒక రోజు, ఆ మంచె కట్టిన వైపు, సున్నం మరకలున్న కొమ్మలనుంచి కోసి మగ్గేసిన పళ్ళలో ఒకటి తీసుకుని ఆయన నోట పెట్టుకున్నారు. పెట్టుకున్నవారు ఆగిపోయారు. పండు ఉమ్మేసి నేరుగా చెట్టు దగ్గరికి నడిచారు. నేనూ వెళ్ళాను. వాన కడిగేయగా మిగిలిన సున్నం మరక, దాని పక్కనే అంటు కోసిన గాటు ఉన్న కొమ్మని పట్టుకుని, ఆకుల్లోకి చెయ్యి పోనిస్తూ మొదలుకేసి వచ్చారు. ఆ చెయ్యి వాళ్ళ నాన్న చెట్టు మీద ఆగింది. ఇంకో కొమ్మ పట్టుకున్నారు. అది మంచి చెట్టుకి చేరింది. మరొకటి మళ్ళీ ఇటే వచ్చింది. పెద్దకూలీ మొదలుదాకా తడిమి చూడకుండా, మంచె మీద నిలబడే బొట్లు పెట్టేశాడన్నమాట. రాఘవయ్య గారు ఆ చెట్టు కిందే చతికిలబడ్డారు. "బొట్టుంది గదాని నమ్మానురా" అన్నారు. డబ్బా చూసి నమ్మినట్టే అని నేను మనసులో అనుకున్నాను. ఆయనకీ అదే తోచిందని మొహం చూస్తే తెలిసింది.

ఆ ఏడు అమ్మినవాటిలో కొన్ని మంచివి, కొన్ని పులుపువి. ఏవి ఏవో దేవుడికే తెలియాలి. సంగతి తెలిసింది ఆయనకీ నాకూ, ఇంట్లో చెప్పాక ఆయన బావమరిదికీ. బావమరిది మామిడికాయల కమీషను వ్యాపారి, లోకం తెలిసినవాడు, చెడ్డవాడు కాదు. "కాపు రావడానికింకా ఏళ్ళున్నాయి బావా. అప్పటికి నేల మంచిది కాదనో, నీళ్ళు చాల్లేదనో వాళ్ళే అనుకుంటారు. నువ్వెళ్ళి చెప్పావంటే కిందటేటివే కాదు, ఇంతకు ముందు అమ్మినవాటిని కూడా అనుమానిస్తారు. రేపు నీ గడప తొక్కేదెవరు?" అన్నాడు. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. ఆ ఇంటికి తోటే ఆధారం, తోటకి పేరే ఆధారం. మర్నాడు పొద్దున్నే రాఘవయ్య గారు నన్ను కారు తీయమన్నారు. దారిలో చాలాసేపటికి, నాతోనో తనతోనో, "బిగించుకున్నాక మాకు సంబంధం లేదన్నాడు వాడు. నాటుకున్నాక నాకు సంబంధం లేదనమంటారా?" అన్నారు.

కొన్నవాళ్ళంతా ఆయనకి గుర్తే. ఊరూరా తిరిగాం. ఎండ మండిపోతోంది, ఆ వదులు బెల్టుతో ఇంజను మరిగిపోతోంది, కనబడ్డ ప్రతి బావి దగ్గరా ఆగి రేడియేటరుకి నీళ్ళు పోసుకోవడం. అన్నిచోట్లా ఆయన చెప్పేది ఒకటే. ఆ అంట్లలో తేడా వచ్చింది, పీకేయండి, ఈ వానలకి నేనే వేరే మొక్కలు తెచ్చి నాటిస్తాను. ఉంగుటూరులో ఒక రైతు పడీపడీ నవ్వి, రాఘవయ్య గారికి ఎండదెబ్బ తగిలినట్టుంది, మజ్జిగివ్వండర్రా అన్నాడు. ఇంకొకాయన, నువ్వు నోరు మూసుకుంటే మామిడి వేసిన చేనని చెప్పి అమ్ముకునేవాణ్ణి కదయ్యా, నా నోట్లో మట్టి కొట్టావని పోట్లాటకొచ్చాడు. కొందరు తలూపి ఊరుకున్నారు. అట్లా ఊరుకున్నవాళ్ళే తర్వాత ఊరంతా చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయేది, ఆయన బదులు నేను అరవాలనిపించేది. ఆయన మాత్రం ఎవరేమన్నా నోరు మెదపలేదు. ఈ నోరేనా ఆ నోరు అనుకునేవాణ్ణి.

చివరికి మిగిలింది మైలవరం అవతల, కొండ వాలున పోలయ్య, మంగమ్మల మెట్టచెక్క. ఆలుమగలిద్దరూ కూలీలు. ఒకరి తోటల్లో కాయలు కోసీ కోసీ, రాళ్ళేరి బాగుచేసుకున్న ఆ చెక్కలో తమకంటూ చిన్నరసం మొక్కలు వేసుకున్నారు. దగ్గర్లో బావి లేదు. వేసవంతా పోలయ్య కావిడితో, మంగమ్మ బిందెతో, వాగులో చెలమ తవ్వి నీళ్ళు మోసి పోశారు. ఒక్క మొక్క చావకుండా నిలబెట్టుకున్నారు. ఎర్రటి చిగుళ్ళు తొడిగి, చుట్టూ కంప కట్టి ఉన్న మొక్కలు దూరంనుంచే కనబడ్డాయి. నేను దిగి, అటు తిరిగి వెళ్ళి తలుపు తెరవబోతే, ఆయన లోపలినుంచి తలుపు పట్టుకుని ఆపారు. "ఉండరా" అన్నారు. ఉన్నాను. ఆయన మొహంకేసి చూడలేక మొక్కలకేసి చూస్తూ ఎండలో నిలబడ్డాను. నిజం చెప్పడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య అనుకునేవాణ్ణి అప్పటిదాకా. కాదు. ఆయనకి భయంగా ఉంది. అది తెలిసి నాకు ఏడుపొచ్చింది.

ఆయన దిగేసరికి మంగమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన అందుకోలేదు, ముందు సంగతి చెప్పారు. పోలయ్యకి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. మంచివి కూడా ఉంటాయి గదండీ, అవి ఉంచుకుంటామన్నాడు. "ఏది మంచిదో నాకే తెలీదు పోలయ్యా. తెలిస్తే చెప్పనా?" అన్నారు రాఘవయ్య గారు. అప్పుడు మంగమ్మ మొదలుపెట్టింది. బిందె మోసి మోసి నడుం పడిపోయిందని తిట్టింది, పెద్దోళ్ళకి మా ఉసురు ఆటగా ఉందా అని తిట్టింది, ఆపబోయిన పోలయ్యనీ తిట్టింది. ఆయన తలవంచుకుని విన్నారు. తిట్టీ తిట్టీ అలిసిపోయాక ఆవిడ, "నా చేత్తో నేను పీకలేనండి. మీరే పీకండి" అంది.

పీకారు. పంచె ఎగ్గట్టి, కంప తీసి, ఒక్కో మొక్కనీ రెండు చేతులా పట్టుకుని పీకారు. నేను సాయం పోతే వద్దన్నారు. వేళ్ళు బాగా దిగాయి, బలంగా లాగాల్సి వచ్చింది. ఆ పీకేవాటిలో మేలైన చిన్నరసాలు ఎన్నో ఉంటాయని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అంతా అయ్యేసరికి అరచేతులు చీరుకుపోయాయి. మంగమ్మ ఆ నీళ్ళ చెంబు తెచ్చి చేతికిచ్చి, "మళ్ళీ ఎప్పుడు నాటాలండి?" అని అడిగింది. పోనీలెండి అని గాని, మీరేం చేస్తారు అని గాని అనలేదు. ఆయన నీళ్ళు తాగి, కొత్త అంట్లు కట్టి వానల చివర్లో తెస్తానన్నారు. వెళ్ళారు కూడా, మొక్కలు ఎద్దులబండి మీద వేసుకుని. కారు అప్పటికి కదలడం మానేసింది.

బావమరిది చెప్పిందే జరిగింది. చుట్టుపక్కల అంట్లు అమ్మేవాళ్ళు, రాఘవయ్యే ఒప్పుకున్నాడు గదా అని చాటింపు వేశారు. గిరాకీ తగ్గింది. ఏటేటా మంచె చిన్నదవుతూ వచ్చింది. కారు అమ్మేద్దామనుకున్నారు. ఒక బేరగాడు వస్తే నన్ను పిలిచి, బ్రేకుల సంగతి చెప్పరా, తలుపు సంగతి చెప్పరా, బెల్టు మర్చిపోయావేం అని వరసగా నా చేతే చెప్పించారు. వచ్చినవాడు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. దానికి మాత్రం ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. కారు పాకలోనే ఉండి కోళ్ళ పాలైంది. నన్ను పెట్టుకునే స్తోమత లేదని ఆయనే చెప్పి పంపించారు. తిరిగి లారీ ఎక్కాను. ఖాళీ దొరికితే మాత్రం తోటకి వెళ్ళేవాణ్ణి.

అరవైల చివర్లో ఆయన మంచం పట్టారు. చూడ్డానికి వెళ్ళినప్పుడు, ఎన్నాళ్ళనుంచో కడుపులో దాచుకున్న మాట అడిగేశాను. అప్పుడు చెప్పకుండా ఉంటే తోట నిలబడేది కదండీ అని. ధర్మం గురించో, పైవాడి గురించో ఏదో ఒకటి అంటారనుకున్నాను. అని ఉంటే నాకు ఊరటగా ఉండేది. ఆయన, "నిలబడేదిరా కోటేశూ. ఎందుకు నిలబడదూ?" అన్నారు. అంతే. తర్వాత లారీ సంగతులు అడిగారు. కొద్ది రోజులకే పోయారు.

నేను తర్వాత నూజివీడు బస్టాండు దగ్గర మోటారు సామాన్ల షాపు పెట్టాను. డూప్లికేట్లు అమ్మకుండా ఆ వ్యాపారం సాగదు. నేనూ అమ్మాను, గొప్పలెందుకు? కాకపోతే, ఇది డూప్లికేటండీ, ఇక్కడ అరగదీసుకోవాలి, ఎక్కువ కాలం రాదు అని చెప్పి అమ్మాను. చాలామంది అదంతా విని, ఎదురు షాపుకి వెళ్ళి, అదే సరుకుని అసలుదనుకుని కొనుక్కుని నా కళ్ళముందే వెళ్ళేవారు. కడుపు మండేది. పోను పోను అలవాటైపోతుందనుకున్నాను, కాలేదు. ప్రతిసారీ ఆ మాట మింగేద్దామనిపించేది, ప్రతిసారీ బలవంతాన బయటికి తీసేవాణ్ణి. ఒకసారి అట్లాగే పెద్ద గిరాకీ చేజారిపోతే, కౌంటర్లో ఉన్న మా అబ్బాయి ఉండబట్టలేక, చెప్పకపోతే అమ్ముడుపోయేది కదా నాన్నా అన్నాడు.

"అమ్ముడుపోయేదిరా" అన్నాను.

వాడు నేనింకేమైనా అంటానేమోనని చూశాడు. అంతకు మించి చెప్పడానికి ఆయన దగ్గరా లేదు, నా దగ్గరా లేదు.